నిప్పు చూసిన తుపాకి

ఫోన్ చేసింది మా బావ. మేనత్త కొడుకు. ముప్పై ఏళ్ల కింద సిరిసిల్ల నుంచి సూరత్ పోయి, పదిహేనేళ్లు మరమగ్గాల మీద ఒళ్లు వంచి, ఇప్పుడు లింబాయత్‌లో ఓ చిన్న చీరల గోదాము పెట్టుకున్నాడు. ఆ గోదాముకు రాత్రిపూట నిప్పంటుకుంది. దేవుడి దయవల్ల మనుషులకేం కాలేదు. సరుకు పోయింది. అయితే ఆయన ఫోన్ చేసింది సరుకు గురించి కాదు.

"బామ్మర్దీ, సరుకు సంగతి బీమావోళ్లు చూసుకుంటరు. మా గార్డు తుపాకి మంటల చిక్కింది. గోడకు తగిలేసి ఉండె. పైకి బాగనే కనబడ్తుంది, జర నల్లగైంది గంతే. తుడిచి నూనె పెడితే పనికొస్తదా? నువ్వు పోలీసు వార్తలు రాసినోనివి గదా, జర కనుక్కో."

పేపర్లో ఎన్నో తుపాకులు పేల్చాను గానీ, కాలిన తుపాకి సంగతి నాకేం తెలుసు? పండగ సెలవులు కలిసొచ్చాయని రైలెక్కాను.

ఆ గార్డుది బిహార్. ఆ వీధిలో పది దుకాణాల వాళ్లు కలిసి పెట్టుకున్నారు. తుపాకి అతని సొంతం, లైసెన్సూ అతని పేరు మీదే. పన్నెండు బోరు, రెండు గొట్టాల పాత తుపాకి. హిందీలో దునాలి అంటారు. బ్యాంకు గుమ్మం దగ్గరా, నగల కొట్టు దగ్గరా మనమందరం చూసే ఉంటాం. సెక్యూరిటీ ఉద్యోగాల్లో కర్ర పట్టుకున్నవాడికి ఒక జీతం, లైసెన్సున్న తుపాకి భుజాన వేసుకున్నవాడికి ఇంకో జీతం. ఇంటి పొలం మీద అప్పు తెచ్చి తుపాకి కొనుక్కుని, దాన్ని వెంటబెట్టుకుని ఊళ్లు దాటొచ్చే వాళ్లు సూరత్‌లో చాలామంది. కాబట్టి 'పనికొస్తుందా' అని బావ అడిగిన మాట నిజానికి ఆ గార్డు కడుపులోంచి వచ్చిన మాట.

సూరత్‌కు నిప్పు కొత్త కాదు. 1837 ఏప్రిల్‌లో మూడు రోజులు ఊరు ఊరంతా తగలబడి 9,373 ఇళ్లు బూడిదయ్యాయని గెజిటీర్ లెక్క. 2019 మే 24న సర్థానాలోని తక్షశిల భవనంలో 22 మంది ప్రాణాలు పోయాయి, ఎక్కువమంది చదువుకునే పిల్లలు. 2020 జనవరిలో రఘువీర్ మార్కెట్ పది అంతస్తులూ మండింది. 2025 ఫిబ్రవరి చివర్లో రింగ్ రోడ్డులోని శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్ ఒకసారి ఆర్పాక మర్నాడు మళ్లీ అంటుకుంది. కరీంనగర్‌లోనో, రాజమండ్రిలోనో చీరల కొట్టు పెట్టుకున్నవాళ్లకు ఆ మార్కెట్ల పేర్లు నోటికి వస్తాయి. మన పెళ్లిళ్లలో పెట్టుబడి చీరలు సగం అక్కడివే. పాలియెస్టర్ బట్ట, ప్లాస్టిక్ కవర్లు, అట్టపెట్టెలు, ఇరుకు మెట్లు. నిప్పుకు ఇంతకన్నా మంచి విందు ఏం కావాలి.

కొలిమి చెప్పే మాట

తుపాకి సంగతికి ముందు కొలిమి సంగతి చెప్పుకోవాలి. మా ఊళ్లో కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, మళ్లీ సన్నటి సెగ చూపించేవాడు. నీళ్లలో ముంచగానే ఇనుము రాయిలా గట్టిపడుతుంది, గాజులా పెళుసవుతుంది. రెండోసారి చూపించే సెగ ఆ పెళుసుతనాన్ని తీస్తుంది. దాన్నే పదును పెట్టడం అంటాం. ఆ పదును అంతా సెగ లెక్క మీద ఉంటుంది. పదునెక్కిన కొడవలిని పొరపాటున పొయ్యిలో మరిచిపోతే, బయటికి తీశాక అది కొడవలిలాగే ఉంటుంది, అదే వంపు, అదే బరువు. గడ్డి మాత్రం కోయదు.

తుపాకిలోనూ అంతే. లోపలి స్ప్రింగు, కొక్కేలు, గొట్టాన్ని మూసి బిగించే దిమ్మ, ఒక్కోదానికి ఒక్కో సెగ లెక్కతో పదును పెట్టి ఉంటుంది. స్ప్రింగు పదును సాధారణంగా 300 నుంచి 450 డిగ్రీల మధ్య పెట్టినది. అంతకు మించిన వేడి తగిలిందా, దాని బిగువు సడలుతుంది. గట్టి గది మంటలో కప్పు దగ్గర వేడి 600 డిగ్రీలు దాటడానికి నిమిషాలు చాలు, బాగా ముదిరితే 1,000 దాకా పోతుంది. అదే గదిలో నేల మీద అందులో సగం కూడా ఉండకపోవచ్చు. అంటే ఒకే గదిలో మంచం కింద దాచిన తుపాకి బతికిపోయి, గోడ మేకుకు తగిలించింది పాడవ్వచ్చు. ఎక్కడ దొరికిందన్నది అందుకే మొదటి ప్రశ్న.

ఇక ఫైరింజన్ నీళ్లు. 720 డిగ్రీలు దాటి ఎర్రబడ్డ ఉక్కు మీద ఒక్కసారిగా నీళ్లు పడితే కమ్మరి తొట్టిలో ముంచినట్టే. ఎక్కడ పడ్డాయో అక్కడ గట్టిపడి పెళుసవుతుంది, పక్కన మెత్తగా ఉండిపోతుంది. రెండోసారి సన్నటి సెగ చూపించే కమ్మరి అక్కడ ఉండడు కదా.

ఈ విద్యలో మన తెలంగాణ వాళ్లకు పెద్ద పేరే ఉండేది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 1820లలో అక్కడ తిరిగిన వాయిసీ అనే ఇంగ్లీషు పరిశోధకుడు రాసిపెట్టాడు. ఆ రకం ఉక్కును ఐరోపా కమ్మరులు తమ అలవాటు ప్రకారం తెల్లగా మెరిసేదాకా కాల్చి సుత్తెతో కొడితే పొడిపొడిగా రాలిపోయింది. మనవాళ్లు దాన్ని తక్కువ సెగ మీదే సాగదీసేవారు. ఎంత గొప్ప ఉక్కయినా దాని సెగ లెక్క తప్పితే ఇసుకతో సమానం.

అమెరికా సైన్యం ఈ పాఠాన్ని మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో నేర్చుకుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో తయారైన 1903 మోడల్ రైఫిళ్లు కొన్ని కాలుస్తుండగా పగిలిపోయాయి. తీగ లాగితే తేలింది ఏమిటంటే, ఉక్కు దిమ్మలను కాల్చేటప్పుడు పనివాళ్లు వేడిని కంటితో, రంగు చూసి అంచనా కట్టేవారు. మబ్బు పట్టిన రోజు ఎర్రగా కనబడే ఇనుము, ఎండ రోజు అంత ఎర్రగా కనబడదు. ఎండ రోజున ఇంకా కాలలేదనుకుని ఎక్కువ కాల్చేశారు. మసిబారలేదు, వంగలేదు, తనిఖీలో పాసయ్యాయి, ఏళ్ల తరబడి బాగానే పేలాయి కూడా. తర్వాత ఓ రోజు ఎవరి మొహం ముందో పగిలాయి. 8,00,000 లోపు నంబరున్న ఆ రైఫిళ్లంటే పాత తుపాకులు పోగుచేసేవాళ్లు ఈనాటికీ కాల్చడానికి జంకుతారు. అతిగా కాలిన ఉక్కును మళ్లీ శుద్ధి చేసి బాగుచేయవచ్చేమో అనీ చూశారు. కుదరలేదు.

కాబట్టి 'మొన్న ఒక తూటా వేసి చూశాం, బాగానే పేలింది' అనే మాట ఎవరైనా అంటే నమ్మొద్దు. పన్నెండు బోరు తూటా పేలినప్పుడు గొట్టం మొదట్లో పుట్టే ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 700 రెట్లు దాకా ఉంటుంది. పాత పోలీసు .303 రైఫిల్లో అది 3,000 రెట్లు దాటుతుంది. ఆ దెబ్బ తగిలేది చెంపకు జానెడు దూరంలో.

పక్కవాళ్ల సాక్ష్యం

సూరత్‌లో దిగాక మొదట చూసింది గార్డు గది. పోలీసులు పంచనామా రాసుకుని తుపాకిని స్టేషన్‌కు తీసుకెళ్లారు. గది మాత్రం అలాగే ఉంది. లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర నలభై ఏళ్లుగా మరమ్మతులు చేసే ఓ పెద్దాయన్ని బావ బతిమాలి తీసుకొచ్చాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. తుపాకి గురించి ఒక్క మాటా అడగలేదాయన. గదిలోకి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడలూ గూళ్లూ చూస్తూ నిలబడ్డాడు.

గోదాము గోడకు ఆనుకుని బావవి నాలుగు పాలియెస్టర్ చీరల కట్టలు పెట్టి ఉన్నాయి. అవి కరిగి, బెల్లం పాకంలా జారి, నల్లటి గడ్డయ్యాయి. వాటి మీద గూట్లో గార్డు అల్యూమినియం టిఫిన్ డబ్బా. మసి పట్టింది, మూత కూడా కదలలేదు. ఉస్తాద్ డబ్బాను గోటితో గీకి చూసి తల పంకించాడు.

నాకు అప్పుడర్థమైంది. పాలియెస్టర్ కరిగేది 255, 260 డిగ్రీల దగ్గర. అల్యూమినియం కరిగేది 660 దగ్గర. అంటే ఈ గదిలో వేడి ఆ రెంటికీ మధ్యన ఎక్కడో ఆగింది. సూరత్‌లో ప్రతి కొట్టులోనూ ఇలాంటి వేడి కొలబద్దలు ఉంటాయి. రేకుల మీది జింకు పూత 420కి కరుగుతుంది. ఇత్తడి పిడి 900 దాటాక ముద్దవుతుంది. జరీలోని వెండి 961కి. మంటల కారణాలు వెతికే నిపుణులు చేసేదీ ఇదే, కరిగినదాన్నీ కరగనిదాన్నీ పక్కపక్కన పెట్టి చదువుకోవడం. తుపాకి తానేం చూసిందో చెప్పదు. దాని ఇరుగుపొరుగు చెబుతాయి.

తుపాకి చెక్క కూడా సాక్షే. చెక్క 300 డిగ్రీల దగ్గర బొగ్గవడం మొదలుపెడుతుంది. వార్నిషు మాత్రం పొక్కి, కింద చెక్క చెక్కలాగే ఉంటే, ఆ చెక్క కప్పిన ఇనుముకు పెద్ద ముప్పు రాలేదని చాలామటుకు అనుకోవచ్చు. ఇనుము రంగు అంత నమ్మదగింది కాదు. శుభ్రమైన ఉక్కును కాలిస్తే 220 దగ్గర గడ్డిరంగు, 280కి ఊదా, 300కి నీలం వస్తాయి. అక్కడితో ఆగితే బాగుండేది. 350 దాటాక ఆ రంగులన్నీ చెరిగి మళ్లీ బూడిదరంగుకు వస్తుంది. అంటే నీలంగా మారిన ముక్క కన్నా 'ఏం కానట్టు' మామూలుగా కనబడే ముక్కే ఎక్కువ కాలి ఉండొచ్చు. బావ ఫోన్లో చెప్పిన 'బాగనే కనబడ్తుంది' అన్న మాట వెనక ఇదీ ఉంది.

గార్డు ఓ మూల నిలబడి మెల్లగా అడిగాడు, "తూటాలు పేలాయి బాబూజీ, రాత్రి టపటపమని వినబడింది." మేకుకు తగిలించిన పట్టీలో ఆరు తూటాలుండేవట. విడిగా ఉన్న తూటా మంటలో పేలితే సినిమాల్లోలాగా గుండు దూసుకుపోదు. వెనక నుంచి బిగించి పట్టే గొట్టం లేదు కాబట్టి పెంకే చిట్లి ముక్కలు ఎగురుతాయి. దగ్గరున్నవాళ్ల కంటికి ప్రమాదమే, కానీ ఫైర్ వాళ్ల కోటూ ముఖకవచమూ దాన్ని ఆపుతాయి. అసలు భయం గొట్టంలో నింపి ఉంచిన తూటాతోనే. గొట్టం వేడెక్కితే ట్రిగ్గర్ ఎవరూ నొక్కకుండానే అది నిజంగా పేలినట్టే పేలుతుంది, గొట్టం ఎటు చూస్తుంటే అటు. అదృష్టం, ఈ తుపాకిని రోజూ ఖాళీ చేసి తగిలించడం గార్డుకు అలవాటు. ఇక మంటలో పేలకుండా మిగిలిన తూటాలుంటే వాటిని చూసి ముచ్చటపడొద్దు. వేడెక్కిన మందు ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. పోలీసులకు అప్పగించడమే.

మంటే కాదు, మంట ఆరాక వచ్చే తుప్పు కూడా తుపాకులను చంపుతుంది. కరెంటు తీగల మీది పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ పుడుతుంది, ఫైరింజన్ నీళ్లలో కలిస్తే ఆమ్లం. మసితో కలిసి అది ఇనుము మీద కూర్చుంటే తెల్లారేసరికి ఎర్రదుమ్ము లేస్తుంది. ఇనప్పెట్టెలో పెట్టినవాళ్లూ నిశ్చింతగా ఉండటానికి లేదు. నిప్పుకు ఆగే పెట్టెల గోడల్లో జిప్సం లాంటి పదార్థాలుంటాయి, జిప్సం బరువులో ఐదో వంతు నీరే. వేడెక్కితే ఆ నీరు ఆవిరై లోపలి వస్తువును కాపాడుతుంది. కాగితాలకు ఆ ఆవిరి వరం, తుపాకికి శాపం. పైగా పెట్టె పూర్తిగా చల్లారకుండా తలుపు తీస్తే, గాలి తగిలి లోపల రాజుకున్నది భగ్గుమంటుంది. వేడి తగలని తుపాకి అయితే మొదటి రోజే లైసెన్సున్న మిస్త్రీ చేత విప్పించి, కడిగించి, నూనె పట్టించుకుంటే బతికి బట్టకడుతుంది. ఆలస్యమైతే అదీ పోతుంది.

సూరత్ అనగానే వజ్రాలు గుర్తుకొస్తాయి కదా, ఆ సంగతీ ఉస్తాదే ఎత్తాడు. వజ్రం కూడా నిప్పుకు కాలుతుంది, గాలి తగిలే మంటలో 700 దాటాక పైపొర మసకబారి పాలరంగు పూత పట్టినట్టవుతుంది. వరాఛాలోని సాన పట్టేవాడి దగ్గరికి తీసుకెళితే వెంట్రుకవాసి పొర తీసేస్తాడు, కాస్త బరువు తగ్గుతుంది, మళ్లీ తళతళ. దాని నష్టం పైనే ఉంటుంది. ఉక్కుది లోపల. కొల్లూరు గనుల కోసం సూరత్ రేవులో దిగి గోల్కొండ దాకా వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే కాలం నుంచి ఈ ఊరికి మన వజ్రాలతో సంబంధం. ఇప్పుడు ఉక్కు గట్టిదనం కొలవడానికీ వజ్రమే కావాలి. రాక్‌వెల్ పరీక్షలో 120 డిగ్రీల కోణమున్న వజ్రపు మొనను 150 కిలోల బరువుతో ఉక్కులోకి నొక్కి, ఎంత లోతు దిగిందో చూస్తారు. కాలిన దిమ్మ మెత్తబడిందో లేదో ఆ గంటు చెబుతుంది, ఆ ఒక్క చోటు గురించి మాత్రమే. వేలెడు దూరంలో ఇంకోలా ఉండొచ్చు. ఇదే జిల్లా హజీరాలో ఎల్ అండ్ టీ వాళ్లు సైన్యానికి కె9 వజ్ర ఫిరంగులు కడుతున్నారు. అంత పెద్ద గొట్టమైనా, గార్డు దునాలి అయినా, ఉక్కును నిలబెట్టేది సెగ లెక్కే.

చట్టం సంగతి

కాలిన తుపాకిని పాత ఇనుము బండిలో వేసేద్దాం అనుకునేవాళ్లుంటారు. 1959 ఆయుధాల చట్టం దృష్టిలో తుపాకి విడిభాగం కూడా తుపాకే. మరమ్మతు చేయడానికీ, పరీక్షించడానికీ లైసెన్సు ఉన్నవాడే కావాలి. వీధి చివర వెల్డింగ్ షాపులో గొట్టానికి అతుకు వేయించుకుంటే వేసినవాడూ వేయించుకున్నవాడూ ఇద్దరూ ఇరుక్కుంటారు. నంబరు చెరిగిన తుపాకి ఎవరి దగ్గర దొరికితే వాళ్లే చెరిపారని చట్టం మొదట అనుకుంటుంది, కాదని మనమే నిరూపించుకోవాలి. ఇక్కడ నిప్పు ఇంకో కిరికిరి పెడుతుంది. అరిగిపోయిన నంబరును ఫోరెన్సిక్ వాళ్లు మామూలుగా ఆమ్లం పూసి పైకి తెప్పిస్తారు. అచ్చు గుద్దినప్పుడు లోహం లోపల పడిన ఒత్తిడే ఆ కిటుకు. ఉక్కు 600, 700 డిగ్రీలకు కాలితే ఆ ఒత్తిడి సడలిపోతుంది, ఆమ్లానికి చెప్పడానికేమీ మిగలదు. అందుకే మంట ఆరిన రోజే స్టేషన్‌లో చెప్పి, పంచనామాలో నంబరు రాయించుకోవడం గార్డు చేసిన తెలివైన పని. చేయించింది బావ. ఆయనకిలాంటివి ఎవరు చెబుతారో నాకు తెలియదు.

మూడో రోజు పోలీసు కాగితంతో తుపాకి డీలరు కొట్టుకు చేరింది. వెనక గదిలో ఉస్తాద్ ముందు నేను, బావ, గార్డు. కొట్టులో నూనె వాసన, మసి వాసన. ఉస్తాద్ తుపాకి మడత తెరిచి, రెండు గొట్టాల్లోకీ చూసి, ఖాళీ అని రూఢి చేసుకుని, గొట్టాలను చెక్క నుంచి విడదీశాడు. సుత్తి గుర్రాలు ఒక్కోటీ వెనక్కి లాగి వదిలాడు. టక్కున పడాల్సినవి నీరసంగా వాలాయి. స్ప్రింగు పోయింది.

"స్ప్రింగు మార్చొచ్చు గదా?" అన్నాడు బావ.

"స్ప్రింగు మార్చొచ్చు భయ్యా. స్ప్రింగు చచ్చిందంటే దాని పక్కనున్నవాటికి ఏమైందో కదా నేను చూడాల్సింది" అన్నాడు ఉస్తాద్.

దునాలిలో రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటాయి, వాటిని కలుపుతూ పైనా కిందా సన్నటి ఇనుప పట్టీలు. చాలా తుపాకుల్లో ఆ పట్టీలను సీసం, తగరం కలిపిన మాటుతో అతికిస్తారు. ఆ మాటు కరగడానికి 183 డిగ్రీలు చాలు. గొట్టాల ఉక్కు సంగతి ఎలా ఉన్నా, మాటు మాత్రం చీరల కన్నా ముందే కరుగుతుంది. గొట్టాల మొదట్లో ఉండే దిమ్మను ఇత్తడి మాటుతో, చాలా ఎక్కువ వేడి మీద అతికిస్తారు. అది నిలిచిందా లేదా అన్నది వేరే లెక్క.

ఉస్తాద్ సొరుగులోంచి ఓ నాడా తీసి, గొట్టాల కింది కొక్కేనికి కట్టి, చెవి దగ్గరగా వేలాడదీశాడు. మధ్యవేలి కణుపుతో మెల్లగా కొట్టాడు. సంతలో కుండ కొనేటప్పుడు మన అమ్మలు చేసే పనే. మాటు గట్టిగా ఉన్న జంట గొట్టాలు గుడి గంటలా ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు సాగుతుందట. ఎక్కడైనా పట్టీ ఊడితే మోత చస్తుంది. తేడా చూపించడానికి అరలోంచి వేరే తుపాకి గొట్టాలు తీసి వాటినీ అలాగే కొట్టాడు. ఆ మోత గదంతా నిండింది. తర్వాత గార్డువి కొట్టాడు. డొక్కు రేకు మీద కొట్టినట్టు 'డబ్' అంది, అంతే.

మాటు మళ్లీ వేయించుకోవచ్చా అని నేనే అడిగాను. వేయించొచ్చట. రెండు గొట్టాలూ మళ్లీ వరసకు తెచ్చి, పట్టీలు కూర్చి, చివర మామూలు తూటా కన్నా బరువైన తూటాతో ప్రూఫ్ పరీక్ష చేయించాలి. ఆ ఖర్చుకు ఇంకో పాత తుపాకి వస్తుంది. పైగా మడత బిగించే దిమ్మ పదును నిలిచిందని ఎవరు పూచీ? ఎవరి చేతికైతే ఇస్తామో వాడి మొహం గుర్తుంచుకుని సంతకం పెట్టాలి అన్నాడు. ఆయన పెట్టనన్నాడు. 1841లో లండన్ టవర్ ఆయుధాగారం కాలిపోయినప్పుడు ఆ శిథిలాల్లోంచి తీసిన ముక్కలను జనం జ్ఞాపికలుగా కొనుక్కున్నారు. కాలిన తుపాకికి అది గౌరవమైన చోటే. కానీ గోడకు తగిలించుకోవడానికి గార్డుకు ఈ ఊళ్లో గోడ లేదు, ఉన్న గోడ కాలింది.

బావ గొంతు సవరించుకున్నాడు. "కొత్తది కొనేదాకా కర్ర పట్టుకుని ఉండు, జీతం సంగతి దుకాణదారులతో నేను మాట్లాడ్త" అన్నాడు హిందీలో. కొత్త తుపాకి కొనడానికి పాతదాన్ని లైసెన్సు మీంచి తీసేయించుకోవాలి, దానికి ఆఫీసుల చుట్టూ ఎన్ని తిరుగుళ్లో. గార్డు ఏమీ అనలేదు. నాడాకు వేలాడుతున్న గొట్టాలకేసే చూస్తున్నాడు.

"ఇంకొక్కసారి కొట్టండి ఉస్తాద్" అన్నాడు చివరికి.

ఉస్తాద్ కోప్పడలేదు. నాడా ఊగడం ఆగేదాకా ఆగి, ఇంకొంచెం కిందగా, మధ్యవేలి కణుపుతో కొట్టాడు.